మకాం షార్జాకు మారుతోందా? కిరాయి లెక్క కన్నా ముందు గంటల లెక్క చూసుకోండి

నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. లేదా పొద్దున్నే బస్సులో ఫోర్‌మన్ లేచి నిలబడి ఒక్క మాట చెప్పి కూర్చుంటాడు. "వచ్చే నెల నుంచి క్యాంపు షార్జాలో." అంతే. ఆ తర్వాతి సెలవు రోజున ట్రంకు పెట్టెలు, పరుపులు, బియ్యం బస్తాలు బస్సు ఎక్కుతాయి. నిన్నటిదాకా దుబాయ్‌లో ఉన్నవాళ్లం షార్జావాళ్లమైపోతాం. డ్యూటీ మాత్రం దుబాయ్‌లోనే.

ఇంకో రకం మకాం మార్పు కూడా ఉంది. చిన్న చిన్న కంపెనీలు రూము చూపించవు. జీతంలోనే రూము అలవెన్సు కలిపి ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. అలాంటి కంపెనీల్లో పనిచేసేవాళ్లు దేరా, సత్వా, బర్‌దుబాయ్‌లలో బెడ్ స్పేసు కిరాయి కట్టలేక తమంతట తామే షార్జాకో, అజ్మాన్‌కో పోతుంటారు.

ఈ రెండు రకాల వాళ్ల కోసమే ఈ వారం రాస్తున్నాం. మా మాట ముందే చెప్పేస్తాం. మకాం మార్పును దిర్హంలలో మాత్రమే లెక్కేస్తే మోసపోతాం. గంటల్లో కూడా లెక్కేయాలి. దిర్హంలు వచ్చే నెల సంపాదించుకోవచ్చు. పోయిన నిద్రను ఏ ఎక్స్ఛేంజిలోనూ తెచ్చుకోలేం.

షార్జా అనగానే దూరమని భయపడనక్కర్లేదు. మనం సోనాపూర్ అని పిలుచుకునే చోటికి సర్కారు కాగితాల్లో పేరు ముహైస్నా. అది షార్జా సరిహద్దుకు ఆనుకునే ఉంది. సోనాపూర్ నుంచి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకు మారినవాడి సైటు మిర్దిఫ్‌లోనో, ఖవానీజ్‌లోనో ఉంటే పెద్ద తేడా పడదు. అదే అల్ కూజ్ క్యాంపు నుంచి షార్జా ఎయిర్‌పోర్టు అవతల సజా వైపు మారి, సైటు మెరీనాలోనో జబల్ అలీలోనో ఉంటే మాత్రం రోజు మొత్తం తలకిందులవుతుంది. కాబట్టి మొదటి ప్రశ్న "కొత్త క్యాంపు ఎక్కడ?" అని కాదు. "కొత్త క్యాంపు నుంచి నా సైటుకు బస్సు ఎన్నింటికి బయల్దేరుతుంది, తిరిగి ఎన్నింటికి చేరుస్తుంది?" అని. ఈ సైటు అయిపోయాక తర్వాతి సైటు ఎటు పడేలా ఉందో కూడా వీలైతే అడగండి.

గంటల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. మకాం మారడం వల్ల పోవడానికి ఒక గంట, రావడానికి ఒక గంట అదనంగా పట్టిందనుకోండి. రోజుకు 2 గంటలు. నెలకు 26 డ్యూటీలైతే 52 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలతో లెక్కేస్తే ఆరున్నర డ్యూటీలు. పైసా రాకుండా, బస్సు సీట్లో కూర్చుని చేసే ఆరున్నర డ్యూటీలన్నమాట.

పైసా రాకుండా అని ఊరికే అనలేదు. యూఏఈ కార్మిక చట్టం (2021 నాటి 33వ నంబరు చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది) ప్రకారం క్యాంపు నుంచి సైటుకు పోయి వచ్చే సమయం పని గంటల్లోకి రాదు. మూడు సందర్భాల్లో మాత్రం వస్తుంది. వాతావరణం బాగాలేక ఆలస్యమైనప్పుడు, కంపెనీ బస్సుకు యాక్సిడెంటో బ్రేక్‌డౌనో అయినప్పుడు, లేదా అగ్రిమెంటులోనే ప్రయాణ సమయాన్ని లెక్కిస్తామని రాసుకున్నప్పుడు. బస్సు దారిలో చెడిపోయి రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డామంటే ఆ సమయం మన ఖాతాలోకి రావాలి. దీన్ని అడిగేవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

దుబాయ్, షార్జా మధ్య రోడ్ల సంగతి మీకు మేం చెప్పాలా? పొద్దున దుబాయ్ వైపు, సాయంత్రం షార్జా వైపు ఇత్తిహాద్ రోడ్డు, షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు, ఎమిరేట్స్ రోడ్డు మూడూ నిండిపోతాయి. షార్జాలోని బదీ ఇంటర్‌చేంజి నుంచి ఉమ్మ్ అల్ కువైన్ దాకా ఎమిరేట్స్ రోడ్డును వెడల్పు చేసే పని 2025 సెప్టెంబరులో మొదలవుతుందనీ, రెండేళ్లు పడుతుందనీ ప్రభుత్వం ప్రకటించింది. అటువైపు క్యాంపులకు మారేవాళ్లు ఆ రెండేళ్లనూ లెక్కలో వేసుకోవాలి. క్యాంపు బాస్ "అర గంట దారి" అంటే అది శుక్రవారం మధ్యాహ్నపు అర గంట. సోమవారం సాయంత్రానికి అదెంతవుతుందో అతన్నే అడగండి, నవ్వేస్తాడు.

వేసవిలో ఇంకో చిక్కుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. క్యాంపు సైటుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ రెండున్నర గంటలు రూముకొచ్చి ఏసీలో నడుం వాల్చే వీలు కొందరికైనా ఉండేది. మకాం దూరమైతే సైట్లో షెడ్డు కిందే పడుకోవాలి. డ్యూటీ ఎనిమిది గంటలే అయినా, రూము తాళం వేసి మళ్లీ తీసేసరికి పదమూడు పద్నాలుగు గంటలు అవుతాయి.

మరి ఇంటికి ఫోను? ఇండియా మనకన్నా గంటన్నర ముందుంటుంది. రాత్రి 7 గంటలకు రూముకు చేరితే ఊళ్లో 8:30. పిల్లలు మేలుకునే ఉంటారు, హోంవర్కు సంగతి అడగొచ్చు. రాత్రి 9 గంటలకు చేరి, స్నానం చేసి, కూర వండుకుని ఫోను పట్టుకునేసరికి ఊళ్లో పదకొండున్నర. ఇంట్లో ఆవిడ నిద్రమత్తులో నాలుగు మాటలు మాట్లాడుతుంది. పిల్లలతో మాట సెలవు రోజుకు వాయిదా పడుతుంది. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. మకాం మారేముందే ఇంట్లో చెప్పి, ఫోను టైము మార్చుకోండి. కొంతమంది పొద్దున బస్సులో ఉండగానే మాట్లాడతారు. ఇక్కడ 5:30 అయితే అక్కడ 7. పిల్లలు బడికి తయారయ్యే వేళ. పక్క సీటువాడి నిద్ర చెడకుండా మాట్లాడితే చాలు.

సొంతంగా మారేవాళ్ల కిరాయి లెక్క

బర్‌దుబాయ్‌లో బెడ్ స్పేసు 800 దిర్హంలు, షార్జా రోలాలో 500 అనుకుందాం. మీ రేట్లు వేరైతే అవే వేసుకోండి, లెక్క తీరు ఇదే. చూడ్డానికి 300 మిగులుతున్నట్టుంది.

ఇప్పుడు బస్సు చూద్దాం. దుబాయ్‌లో సిల్వర్ నోల్ కార్డు మీద రెండు జోన్ల ప్రయాణానికి 5 దిర్హంలు. పోను రాను 10, నెలకు 26 రోజులైతే 260. షార్జా నుంచైతే ఇంటర్‌సిటీ బస్సు ఎక్కాలి. జుబైల్ బస్ స్టేషన్ నుంచి యూనియన్‌కు ఈ-303, అల్ గుబైబాకు ఈ-306 నడుస్తాయి. టికెట్టు 12 అనుకుంటే పోను రాను 24, నెలకు 624. పాత ఖర్చు 260 తీసేస్తే 364 అదనం. కిరాయిలో మిగిలిన 300 పోయి, ఇంకో 64 చేతి నుంచి పడుతుంది. యూనియన్‌లో దిగాక మెట్రో ఎక్కాల్సి వస్తే అది వేరే. ఒక్క రోజు బస్సు తప్పి టాక్సీ ఎక్కారంటే ఇక చెప్పేదేముంది? దుబాయ్ టాక్సీ షార్జాలోకి వెళ్తే మీటరు మీద 20 దిర్హంలు అదనంగా పడుతుంది.

అందుకే మా సలహా ఇది. కంపెనీ బండి షార్జాలో మీ వీధి దగ్గరికి వచ్చి ఎక్కించుకుంటేనే ఈ మార్పులో లాభం. బండి దేరాలో ఫలానా పాయింట్ దగ్గరే ఆగుతుంది, అక్కడికి మీరే రావాలి అంటే నష్టం తప్పదు. షార్జా లోపల తిరిగే సిటీ బస్సులు వేరే సంస్థవి, వాటి కార్డు కూడా వేరే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని దినం పొద్దున, డ్యూటీకి వెళ్లే టైముకే, కొత్త రూము వీధి నుంచి సైటు దాకా ఒక్కసారి ప్రయాణం చేసి చూడండి. సెలవు రోజు చూస్తే ఉపయోగం లేదు.

కాగితం ఎవరి పేరు మీద?

కిరాయికన్నా ప్రమాదమైన విషయం ఇది. ఫ్యామిలీ ఏరియాలో విల్లాను చెక్కలతో గదులు చేసి, ఒక్కో గదిలో మంచం మీద మంచం వేసి బ్యాచిలర్లకిచ్చేవాళ్లు ఎక్కడైనా ఉన్నారు. షార్జాలో 2020 సెప్టెంబరులో పాలకుల ఆదేశంతో ఫ్యామిలీ ఏరియాల్లో ఉంటున్న బ్యాచిలర్లను, కార్మికులను ఖాళీ చేయించారు. అల్ ఖాదిసియా మహిళలు రేడియోలో చేసిన ఫిర్యాదుతో మొదలై, వేల మందిని కదిలించారు. దుబాయ్‌లోనూ అంతే. 2025 జూన్‌లో రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, బర్షా, రఫ్ఫా ఏరియాల్లో అనుమతి లేని పార్టిషన్ల మీద మున్సిపాలిటీ దాడులు చేసింది.

ఇలాంటప్పుడు ఇల్లు తీసుకుని మనకు బెడ్ ఇచ్చినవాడు ఫోను ఎత్తడు. ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు ఉండదు. రాత్రి పది గంటలకు ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని రోడ్డు మీద నిలబడేది మనమే. కాబట్టి డబ్బు చేతిలో పెట్టకముందే అడగండి: షార్జా మున్సిపాలిటీ ముద్ర ఉన్న కిరాయి అగ్రిమెంటు ఉందా? అది ఎవరి పేరు మీద? బ్యాచిలర్లుండే ఏరియానేనా? కరెంటు బిల్లు కిరాయిలో కలిసిందా? చూపించడానికి నసిగితే తిరిగి వచ్చేయండి. "మన ఊరాయనే, ఏం కాదు" అనే మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. ఊరు ఒకటైనంత మాత్రాన మున్సిపాలిటీ వాళ్లు ఊరుకోరు.

కంపెనీ మారుస్తుంటే

50 మంది, అంతకుమించి పనివాళ్లున్న కంపెనీ, నెలకు 1,500 దిర్హంలకు తక్కువ జీతం ఉన్నవాళ్లకు వసతి తానే చూపించాలని 2022లో కార్మిక శాఖ ఇచ్చిన ఉత్తర్వు చెబుతోంది. వసతికి కొలతలూ ఉన్నాయి. మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలి. అడుగుల్లో చెప్పాలంటే సుమారు ఆరడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు. కొత్త రూములో అడుగుపెట్టగానే మంచాలు లెక్కపెట్టి మనసులో ఒక గుణకారం చేసుకోవచ్చు.

అయితే అడగడానికీ ఒక పద్ధతి ఉంది. కోపంతో బస్సు ఎక్కకుండా కూర్చోవడం, పని బంద్ పెట్టడం ఈ దేశంలో కుదరదు. సమ్మెకు చట్టంలో చోటు లేదు. రూముకొకరు చొప్పున, ఇంగ్లీషో హిందీయో బాగా మాట్లాడేవాణ్ని ముందు పెట్టుకుని క్యాంపు బాస్ దగ్గరికి వెళ్లండి. బస్సు టైము, నీళ్లు, వంటగది, వైఫై, దగ్గరలో గ్రాసరీ, జబ్బు చేస్తే ఏ క్లినిక్కు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడగండి. క్లినిక్కు సంగతి మరిచిపోవద్దు. మీ ఇన్సూరెన్సు కార్డు షార్జాలో ఏ క్లినిక్కులో చెల్లుతుందో ముందే తెలుసుకోకపోతే జ్వరంతో మళ్లీ దుబాయ్ బస్సు ఎక్కాల్సి వస్తుంది.

మకాం మారినంత మాత్రాన వీసా మారదు. కంపెనీ లైసెన్సు దుబాయ్‌దైతే వీసా దుబాయ్‌దే, మీరు షార్జాలో పడుకున్నా సరే. కాబట్టి క్యాంపు మార్పు పేరుతో కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టమంటే ఆగండి. దాని మీద వేరే కంపెనీ పేరు ఉందా చూడండి. ఉంటే అది రూము మార్పు కాదు, కంపెనీ మార్పు. పాత వీసా క్యాన్సిలై కొత్తది పడితే పాత సర్వీసుకు గ్రాట్యుటీ లెక్క తేలాలి. ఏడాది సర్వీసు పూర్తయినవాళ్లకు మొదటి అయిదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. అగ్రిమెంటు ముగిసిన 14 రోజుల్లోగా ఇవ్వాలి. ఎనిమిదేళ్లు చేసినవాడు ఒక్క సంతకంతో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

పాస్‌పోర్టు కూడా అంతే. షిఫ్టింగులో పోతాయని చెప్పి అందరివీ పోగుచేస్తే, మాది మా దగ్గరే ఉంటుందని మర్యాదగా చెప్పండి. కార్మికుడి కాగితాలు పట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు.

చిట్టీ, మెస్, నల్లులు

క్యాంపు చిట్టీలు మకాం మార్పులోనే మునుగుతాయి. పన్నెండు మంది నెలకు 500 వేసే చిట్టీ. నలుగురు ఎత్తుకున్నారు, ఎనిమిది మందికి ఇంకా రావాలి. ఇంతలో సగం మంది షార్జాకు, సగం మంది జబల్ అలీకి. ఎత్తుకున్నవాడు కనబడకపోతే అడిగే దిక్కు లేదు. లైసెన్సు లేని చిట్టీ మీద ఏ ఆఫీసుకని పోతాం? మారే తేదీ తెలిసిన రోజే అందరూ కూర్చుని లెక్క తేల్చుకోండి. కొనసాగించాలంటే ఎవరు ఎవరికి ఎంత బాకీయో రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఫోనులో ఫొటో తీసుకోండి. గ్రాసరీలో ఖాతా ఉంటే అదీ కట్టేసి కదలండి. ఆ మలబారీ సేఠ్ మనల్ని నమ్మి నెలంతా పాలు, గుడ్లు ఇచ్చినవాడు.

మెస్ ఇంకో సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు ఒక మెస్సు, గోదావరి జిల్లాల వాళ్లు ఇంకో మెస్సు, పులుపు కారాలు కుదిరినవాళ్లు కలిసి ఏళ్ల తరబడి వండుకుంటారు. షిఫ్టింగులో రూములు పంచేటప్పుడు క్యాంపు బాస్ లిస్టులో ఐడీ నంబర్ల ప్రకారం పేర్లు వేస్తే ఆ మెస్సు చెదిరిపోతుంది. లిస్టు వేయకముందే వెళ్లి "సార్, మేం ఎనిమిది మందిమి కలిసి వండుకుంటాం, ఒకే రూము ఇవ్వండి" అని అడిగితే చాలామంది ఇస్తారు. లిస్టు వేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. బస్సు పొద్దున గంట ముందు బయల్దేరుతుంది కాబట్టి వంట వంతులు కూడా మార్చుకోవాలి. రాత్రే కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టడమా, పొద్దున మూడున్నరకు లేవడమా అన్నది మీలో మీరు తేల్చుకోండి. ఒక్కడి మీదే పెడితే మెస్సు నెల తిరక్కుండా విరుగుతుంది.

ఇక నల్లులు. పాత పరుపుతో పాటు పాత క్యాంపు నల్లులను కూడా బస్సు ఎక్కించుకుని పోవడం మనవాళ్లకు అలవాటు. పరుపు మరీ పాతదైతే వదిలేయండి. దుప్పట్లు, బట్టలు బాగా వేడినీళ్లలో ఉతికి, నల్ల ప్లాస్టిక్ కవర్లలో మూట కట్టి ఎండాకాలం మధ్యాహ్నమంతా టెర్రస్ మీద పెట్టండి. 50 డిగ్రీల వేడి లోపలిదాకా పాకితే నల్లి, నల్లి గుడ్డు రెండూ చస్తాయి. మంచం ఇనుప గొట్టాల చివర్లు, స్క్రూల సందులు చూడండి. అక్కడే దాక్కుంటాయి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఊళ్లో ధాన్యానికి వాడే సెల్ఫాస్ మాత్రల్లాంటివి తెచ్చి రూములో పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ గోడ సందుల్లోంచి, ఏసీ గొట్టాల్లోంచి పక్క గదికి పోతుంది. ఇలా పక్క ఫ్లాట్లో నిద్రలో ఉన్నవాళ్లు, చిన్న పిల్లలతో సహా, చనిపోయిన సంఘటనలు ఈ దేశంలోనే జరిగాయి. నల్లులు ఎక్కువుంటే కంపెనీ చేతే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిపించాలి.

షార్జా పద్ధతి వేరు

దుబాయ్, షార్జా మధ్య గేటు లేదు, చెకింగు లేదు. బోర్డు ఒక్కటే మారుతుంది. కానీ షార్జాలో మందు పూర్తిగా నిషేధం. తాగడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం ఏదీ కుదరదు. దుబాయ్‌లో కొన్నాం, అజ్మాన్‌లో కొన్నాం, రూముకు తెచ్చుకుంటున్నాం అంటే పోలీసు వినడు. ఒక్క సీసా కోసం కేసు, ఆపైన డిపోర్టు దాకా పోవచ్చు. సంచిలో ఎవరిదో సామాను "కొంచెం నీ దగ్గర పెట్టుకో అన్నా" అంటే లోపల ఏముందో విప్పి చూడందే పెట్టుకోకండి. బట్టల విషయంలోనూ 2001 నుంచి షార్జాలో నియమాలున్నాయి. చొక్కా లేకుండా, పొట్టి నిక్కర్లతో బజార్లో తిరగకూడదు. లుంగీ క్యాంపు లోపలికే ఉంచుకుంటే మంచిది.

షార్జా ప్రభుత్వ ఆఫీసులకు 2022 జనవరి నుంచి శుక్ర, శని, ఆది వారాలు మూడూ సెలవే. పని ఉంటే సోమవారం నుంచి గురువారం లోపే చూసుకోవాలి. అంటే డ్యూటీ మానుకోవాల్సిందే, కాబట్టి ఒకే రోజు రెండు మూడు పనులు కలుపుకోండి.

కొత్త క్యాంపు మెయిన్ రోడ్డుకు అవతల ఉండి, గ్రాసరీ ఇవతల ఉంటే అడ్డంగా దాటాలనిపిస్తుంది. వద్దు. 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాఫిక్ చట్టం ప్రకారం 80 కిలోమీటర్లు, అంతకు మించిన స్పీడు ఉన్న రోడ్డును దాటకూడని చోట దాటితే జైలు, 10,000 దిర్హంలకు తగ్గని జరిమానా పడొచ్చు. జరిమానా సంగతి అటుంచండి, ఆ స్పీడులో వచ్చే ట్రెయిలరు ముందు మనమెంత? బ్రిడ్జి ఎక్కడుందో మొదటి రోజే వెలుతురులో నడిచి చూసుకోండి.

మారే రోజు పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, జీతం కార్డు, మందులు, ఫోన్ ఛార్జరు భుజం సంచిలో మీతోనే ఉంచుకోండి. లారీలో వేయకండి. ట్రంకు పెట్టె మీద పేరు, ఐడీ నంబరు పెద్ద అక్షరాలతో పెయింటుతో రాయండి. కొత్త రూము ఫొటోలు, మీ మంచం, బాత్‌రూము, వంటగది అన్నీ ఆ రోజే తీసి పెట్టుకోండి. మాట్లాడినా సర్దుబాటు కాని ఇబ్బంది ఏదైనా ఉంటే కార్మిక శాఖ ఫిర్యాదుల నంబరు 80084. ఇండియన్ కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342. రెండూ రాసి మంచం తలవైపు అంటించుకోండి.